దూకుడుకు తగ్గ బ్రేకులున్నాయా?

ఆక్సిలరేటర్‌ మీద కాలు పెడితే చాలు... కారు రివ్వున దూసుకుపోవాలి. కుర్రకారుకి ఆ హుషారే వేరు. అందుకే వేలకు వేలు పోసి ఇంజిన్‌ని రీమ్యాప్‌ చేయిస్తారు. తీరా పవర్‌ పెరిగాక గుర్తొస్తాయి బ్రేకులు. ‘పెద్ద డిస్కులూ ఎర్రరంగు క్యాలిపర్లూ వేయించెయ్‌’ అని స్నేహితులు సలహా ఇస్తారు. జేబుకి చిల్లు పెట్టే ఆ కిట్‌ కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి.

వేడితోనే పేచీ

బ్రేకు వేయడమంటే కారు వేగాన్ని వేడిగా మార్చడమే. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతలవుతుంది. 1,400 కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు దానిలోని శక్తి సుమారు 540 కిలోజౌళ్లు. లీటరున్నరకు పైగా నీళ్లను మరిగే స్థితికి తేవడానికి అది చాలు!

ఒక్కసారి ఆపడమైతే ఫర్వాలేదు. శ్రీశైలం ఘాట్‌ దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతుంటే డిస్కులకు చల్లారే వ్యవధి ఉండదు. ప్యాడ్లు పట్టు కోల్పోతాయి. బ్రేక్‌ ఆయిల్‌ మరిగి బుడగలొస్తే పెడల్‌ స్పాంజిలా లోపలికి పోతుంది. దీన్నే బ్రేక్‌ ఫేడ్‌ అంటారు. పెద్ద డిస్కు ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, త్వరగా చల్లారుతుంది. 1953లో లె మాన్స్‌ 24 గంటల రేసును జాగ్వార్‌ సి-టైప్‌ గెలవడంలో అప్పటికి కొత్తగా వచ్చిన డిస్క్‌ బ్రేకులది పెద్ద పాత్ర.

అయితే, కారుని చివరికి ఆపేది టైర్లే. సడన్‌ బ్రేకు వేయగానే ఏబీఎస్‌ టకటకమంటోందంటే ఉన్న బ్రేకులకు బలం ఉన్నట్టే, టైర్లకే పట్టు చాలడం లేదు. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కిట్‌ వేసినా మొదటిసారి ఆగే దూరం పెద్దగా తగ్గదు.

ముందు ఇవి మార్చండి

టైర్లు: అరిగినా, గట్టిపడినా మంచి రకంవి వేయించాలి.

బ్రేక్‌ ఆయిల్‌: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్‌ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్‌ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చడం మేలు.

ప్యాడ్లు: ఎక్కువ వేడిని తట్టుకునే స్ట్రీట్‌ రకం తీసుకోవాలి. రేసు ప్యాడ్లు వేడెక్కితేగానీ సరిగా పట్టవు. ఉదయాన్నే మొదటి సిగ్నల్‌ దగ్గర అవి మొరాయిస్తాయి.

గొట్టాలు: స్టీలు అల్లికవి వేస్తే పెడల్‌ గట్టిగా ఉంటుంది.

చాలామందికి ఇక్కడితో పని పూర్తవుతుంది. రేస్‌ట్రాక్‌ మీదికి వెళ్లేవాళ్లూ, తరచూ ఘాట్లలో వేగంగా తిరిగేవాళ్లూ కిట్‌ గురించి ఆలోచించాలి.

కొనేటప్పుడు...

* 330 మి.మీ. డిస్కు 15 అంగుళాల చక్రంలో పట్టదు. క్యాలిపర్‌కీ చక్రానికీ మధ్య ఖాళీ ఉందో లేదో ముందే కొలిపించాలి.

* ముందు, వెనక బ్రేకుల మధ్య సమతూకం ముఖ్యం. 2013లో మన మార్కెట్లోకి వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐనే తీసుకోండి. దాని వెనక చక్రాలకు ఉన్నవి డ్రమ్ములే. అలాంటి కారుకి ముందు మాత్రమే భారీ క్యాలిపర్లు బిగిస్తే ముందు టైర్లు తొందరగా పట్టు వదిలేస్తాయి, వెనక బ్రేకులు చేయాల్సినంత పని చేయవు. ఆగే దూరం పెరిగినా ఆశ్చర్యం లేదు. వెనక బలం మరీ ఎక్కువైతే ఇంకా ప్రమాదం... కారు గిర్రున తిరిగిపోవచ్చు.

* పిస్టన్లు ఆరా, నాలుగా అన్నదానికన్నా వాటి మొత్తం వైశాల్యం మీ మాస్టర్‌ సిలిండర్‌కి సరిపోతుందా అన్నది చూడాలి. తేడా వస్తే పెడల్‌ మరీ లోతుకి వెళుతుంది. అందుకే మీ మోడల్‌ కోసమే తయారైన కిట్‌ ఎంచుకోండి.

* రంధ్రాలున్న డిస్కులు చూడ్డానికి బాగుంటాయి. కానీ తీవ్రమైన వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లొస్తాయి. సాదావి, లేదంటే గాడులున్నవి నయం.

* పేరున్న బ్రాండ్లకు నకిలీలున్నాయి. మరీ చవగ్గా వస్తోందంటే అనుమానించాల్సిందే.

బిగించాక

కొత్త ప్యాడ్లు డిస్కుకి సర్దుకోవాలి. తయారీదారు చెప్పిన పద్ధతిలో, ఖాళీ రోడ్డు మీద కొన్నిసార్లు వేగం తగ్గించి, చల్లారనివ్వాలి. వాహనంలో మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ నియంత్రిస్తుంది. కాబట్టి ఆర్టీఏ ఆఫీసులోనూ, బీమా కంపెనీ దగ్గరా ముందే కనుక్కోండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్‌ వేళ చిక్కులు తేవచ్చు.

ఎన్ని మార్చినా ఘాట్‌ దిగేటప్పుడు తక్కువ గేరులో ఉండాల్సిందే. బ్రేకుల మీద సగం భారం తగ్గించే ఆ కిటుకుకి పైసా ఖర్చుండదు!