గుంతల దారికి ఏ బుష్ మేలు: రబ్బరా, పాలీయురేథేనా?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉంది గొల్లపల్లి. జగదల్‌పూర్ నుంచి కోంటా, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు సాగే 30వ జాతీయ రహదారిని విడిచి లోపలి పల్లెల వైపు మళ్లితే కంకర, గుంతలు, వాగులు ఎదురవుతాయి. సంతకైనా ఆసుపత్రికైనా దూరం వెళ్లవలసిన చోట వాహనం మధ్యదారిలో మొరాయిస్తే కలిగే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. ఇటువంటి దారులలో త్వరగా దెబ్బతినే భాగాలలో సస్పెన్షన్ బుష్‌లు ముఖ్యమైనవి. వాటి స్థానంలో పాలీయురేథేన్ బుష్‌లు వేయించడం మేలా? ఏది గట్టిదన్న దానికంటే, బుష్ ఏ కీలులో పనిచేస్తుందన్నదే ఇందుకు సమాధానం చెబుతుంది.

బుష్ చేసే పని

చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వంటి భాగాలు వాహనపు చట్రానికి బిగించే చోట ఇనుము ఇనుముతో రాసుకోకుండా అడ్డుగా ఉండేదే బుష్. సాధారణ రబ్బరు బుష్‌లో లోపల, వెలుపల రెండు లోహపు గొట్టాలు, వాటి మధ్య అతికిన రబ్బరు ఉంటాయి. చక్రం లేచి దిగినప్పుడు ఆ రబ్బరే మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. కుదుపునూ శబ్దాన్నీ మింగేది కూడా అదే. అది చిరిగితే గుంతల్లో టకటక శబ్దం, బ్రేకు వేసినప్పుడు వాహనం ఒక పక్కకు లాగడం, టైరు ఒకే అంచున అరగడం వంటి లక్షణాలు కనిపిస్తాయి.

పాలీయురేథేన్ ప్రత్యేకత

1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం ఆవిష్కరించిన ఈ పదార్థం నూనె మరకలను, ఒరిపిడిని రబ్బరు కంటే బాగా తట్టుకుంటుంది. గట్టిదనాన్ని కొలిచే షోర్ ఎ ప్రమాణంలో రబ్బరు బుష్‌లు సాధారణంగా 50 నుంచి 70 మధ్య ఉంటే, పాలీయురేథేన్ బుష్‌లు 70 నుంచి 95 వరకు ఉంటాయి. గట్టిదనం పెరిగిన కొద్దీ స్టీరింగ్ నిలకడగా ఉంటుంది, కాని కుదుపు, శబ్దం లోపలికి ఎక్కువగా చేరతాయి. బుష్ రంగు గట్టిదనానికి గుర్తు కాదు. ఒక్కో తయారీదారు రంగులను ఒక్కో విధంగా వాడుతారు.

వీటి పనితీరు కూడా వేరు. ఇక్కడ పదార్థం మెలితిరగదు, లోపలి గొట్టం దానిలో జారుతూ తిరుగుతుంది. అందువల్ల గ్రీజు తప్పనిసరి. వాగులు దాటే వాహనాల్లో గ్రీజు కడుక్కుపోయి, బురద చేరి కీచుమనే శబ్దం మొదలవుతుంది. బుష్‌తో పాటు ఇచ్చే సిలికాన్ గ్రీజునే మళ్లీ రాయాలి.

ఎక్కడ వేయాలి

యాంటీ రోల్ బార్ బుష్‌లతో మొదలుపెట్టడం మంచిది. అక్కడ కదలిక సరళమైనది, మలుపుల్లో వాహనం ఒరిగిపోవడం తగ్గుతుంది, నచ్చకపోతే తిరిగి మార్చడం తేలిక. బొలెరో వంటి వాహనాల వెనుక కమాన్ కట్టల చివరి బుష్‌లకు కూడా, గ్రీజు పెట్టే ఓపిక ఉంటే, ఇవి ఉపయోగపడతాయి.

ఒకేసారి అనేక దిశల్లో కదలవలసిన చోట మాత్రం జాగ్రత్త అవసరం. చిన్న కార్ల వెనుక ఇరుసును పట్టి ఉంచే బుష్‌లలో తయారీదారులు కావాలనే ఖాళీలు, మెత్తదనం ఉంచుతారు. అక్కడ గట్టి బుష్ వేస్తే చక్రపు కదలిక బిగుసుకుపోయి, ఆ బలం చట్రపు బిగింపులపై పడుతుంది. అటువంటి చోట కంపెనీ రబ్బరు బుష్‌నే వేయడం క్షేమం.

కొనే ముందు

పాలీయురేథేన్‌లో పాలిస్టర్, పాలీఈథర్ అని రెండు రకాలున్నాయి. తేమలో పాలిస్టర్ రకం క్రమంగా క్షీణిస్తుంది. బస్తర్ వంటి వానలు ఎక్కువగా కురిసే ప్రాంతానికి పాలీఈథర్ రకమే తగినది. రోజువారీ వాడకానికి గట్టిదనం 80కి మించనిది ఎంచుకోవడం మంచిది.

రబ్బరు బుష్ పదేపదే చిరుగుతుంటే తప్పు రబ్బరుదే అనుకోరాదు. వాహనాన్ని జాకీపై ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే వాహనం నేలపై నిలిచిన క్షణం నుంచే రబ్బరు మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాలపై పడ్డాకే తుది బిగింపు చేయాలి. అలాగే శబ్దం లింక్ రాడ్ నుంచో, బాల్ జాయింట్ నుంచో వస్తున్నదేమో ముందుగా పరీక్షించాలి. బుష్‌లను కుడి ఎడమలకు జతగా మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

మరమ్మతు కేంద్రం దూరమైన పల్లెలో గ్రీజు అడగని రబ్బరే చాలా కీళ్లకు నమ్మదగినది. పాలీయురేథేన్‌ను అది ఉపయోగపడే ఒకటి రెండు చోట్లకే పరిమితం చేస్తే ఖర్చూ తగ్గుతుంది, ప్రయాణమూ క్షేమంగా సాగుతుంది.