పాలలో మందు – పొదుగువాపుకు గృహచికిత్స

“వైద్యులుగారూ, మా ఇంట్లో పాలు సరిగా తోడుకోవడం లేదేమిటి?” అని సంగారెడ్డిలో ఒక గృహిణి నన్ను అడిగారు. కారణాలు అనేకం. పొదుగువాపుకు యాంటీబయాటిక్ వాడిన పశువు పాలు కావడం అందులో ఒకటి. ఆ మందు తోడులోని మేలుచేసే క్రిములను అణచివేస్తుంది. కాచినంత మాత్రాన దాని అవశేషం పూర్తిగా పోదు.

పదేపదే మందు సోకిన క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయి. రేపు బిడ్డకు జబ్బుచేసినప్పుడు ఆ మందే పనిచేయకపోవచ్చు. మన ప్రాంతానికి ఈ ముప్పు కొత్తది కాదు. పటాన్‌చెరు పరిసరాల్లోని సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో వెల్లడించారు. చికిత్సలో రోగి రక్తంలో ఉండే మోతాదుకన్న అది అధికం! కనీసం మన పశువుల కొట్టంలోనైనా మందు తగ్గించుకోవాలి.

గురుకులంలో నేను నూరిన కుమారి, హరిద్ర, అంటే కలబంద, పసుపు ఇక్కడ ఉపకరిస్తాయి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ కూడా ఈ యోగాన్ని ప్రచారం చేస్తున్నది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా నూరాలి. పాలు పూర్తిగా పిండి, పొదుగు కడిగి, ఈ ముద్దను కొద్దికొద్దిగా నీటితో పలుచచేసి, రోజుకు పదిసార్ల వరకు 5 రోజులు పూయాలి.

జ్వరమున్నా, పాలలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక పశువైద్యుని పిలిపించాలి. యాంటీబయాటిక్ ఇచ్చినట్లయితే ఆయన చెప్పిన గడువు తీరేవరకు ఆ పాలు త్రాగరాదు, అమ్మరాదు. పాలు కొనేవారు సైతం, “పశువుకు సూది వేయించారా?” అని అడగడానికి మొహమాటపడకూడదు.