నీటి అడుగున పచ్చికగల చోట్లు



పొలము ఉన్న ప్రతి కుటుంబమునకు గట్టు మీది గడ్డి విలువ తెలుసు. గేదెకు అది మేత, గట్టుకు అది బలము. దాని వేళ్లు మట్టిని పట్టుకొని ఉండబట్టే వాన వచ్చినప్పుడు గట్టు తెగదు. అయితే ఏరు సముద్రములో కలిసే మొగల దగ్గర, ఉప్పునీరు మంచినీరు కలిసే లోతులేని కయ్యలలో, నీటి అడుగున కూడ ఇటువంటి గడ్డి బీళ్లు ఉన్నాయని మనలో ఎందరికి తెలుసు? దీనినే సముద్రపు గడ్డి అంటారు. లోకమంతటా ఈ బీళ్లు తరిగిపోతున్నాయి. తీర గ్రామముల బిడ్డలు తినే చేపకు, రొయ్యకు, పీతకు ఈ గడ్డితో సంబంధము ఉన్నది కనుక ఈ నెల ఈ సంగతిని మీ ముందు ఉంచుతున్నాము.

ఇది నాచు కాదు

మొదట ఒక అపోహ తీసివేయాలి. వలకు చిక్కిన పచ్చని దానినంతా మనము నాచు అనేస్తాము. నాచుకు నిజమైన వేరు లేదు, పువ్వు లేదు, గింజ లేదు. సముద్రపు గడ్డి అలా కాదు. మన పొలములోని మొక్క వలె దీనికి వేరు, భూమిలో ప్రాకే కాండము, ఆకు, పువ్వు, విత్తనము అన్నీ ఉన్నాయి. నేల మీద పెరిగిన మొక్కల సంతతి కోట్ల ఏండ్ల క్రిందట మళ్లీ నీటిలోనికి దిగి ఇలా మారినదని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇది నీటి అడుగుననే పూస్తుంది. తేనెటీగ లేని ఆ చోట నీటి ఒరవడే పుప్పొడిని ఒక పువ్వు నుండి మరొక పువ్వుకు మోస్తుంది. లోకములో ఇటువంటి గడ్డి సుమారు 60 నుండి 70 రకములు మాత్రమే. కొన్ని రకములకు రిబ్బను వంటి పొడవైన ఆకులు. మరికొన్నిటికి బొటనవ్రేలి కొనంత గుండ్రని ఆకులు.

ఇది చేసే మేలు చూడండి. ఆకులు నీటి వేగమును తగ్గిస్తాయి. వేగము తగ్గగానే నీటిలోని బురద క్రిందికి దిగుతుంది, నీరు తేరుకుంటుంది. దిగిన బురదను వేళ్లు పట్టుకుంటాయి. గ్రుడ్డు నుండి వచ్చిన రొయ్య పిల్ల, పీత పిల్ల, చేప పిల్ల పెద్ద చేపల నోట పడకుండ ఆ ఆకుల మధ్య దాగుకొని, అక్కడే మేసి, పెరిగి, తరువాత లోతు నీటికి పోతాయి. అందుచేత గడ్డి ఉన్న మడుగు రేపటి వేటకు ఊయల వంటిది.

ఇంకొక మేలు కూడ ఉన్నది. ఇండొనేషియా దీవులలో చేసిన పరిశోధన 2017లో ప్రచురింపబడినది. గడ్డి ఉన్న చోటి నీటిలో రోగములు కలిగించే సూక్ష్మజీవుల పాలు, గడ్డి లేని చోటి కంటె సగమే ఉన్నట్లు అందులో తేలినది. ఇక లోకపు వేడికి కారణమైన బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఆ బొగ్గును వేళ్ల క్రింది బురదలో దాచడములో ఈ గడ్డి గట్టి పని చేస్తుంది. సముద్రపు అడుగు భాగములో ఇది ఆక్రమించేది వెయ్యింట రెండు వంతుల లోపే. అయినా సముద్రము ఏటేటా పూడ్చిపెట్టే బొగ్గులో సుమారు పదవ వంతు ఈ గడ్డి బీళ్లలోనే ఉంటుందని లెక్క.

సముద్రవత్స అంటే ఏమిటి?

నిర్గమకాండము 25వ అధ్యాయములో ప్రత్యక్ష గుడారమునకు తేవలసిన వాటి పట్టికలో సముద్రవత్సల తోళ్లు ఉన్నాయి. ఎన్నోసార్లు చదివి దాటిపోయిన మాట ఇది. హెబ్రీ భాషలో అక్కడ ఉన్న మాట తహష్. అది ఏ జంతువో పండితులు ఏకముగా చెప్పలేరు. అయితే కొందరు దానిని సముద్రపు ఆవు, అనగా డుగాంగ్ అని తలుస్తారు. ఆ జంతువు ఎర్ర సముద్రములో నేటికీ ఉన్నది.

ఈ డుగాంగ్ చేప కాదు. పిల్లకు పాలిచ్చే జంతువు. ఊపిరి కొరకు నీటి పైకి వస్తుంది. దాని మేత దాదాపుగా సముద్రపు గడ్డి ఒక్కటే. పెద్దది దినమునకు 30, 40 కిలోల వరకు మేస్తుంది. గడ్డి పోయిన చోట అది బ్రతకలేదు. మన దేశములో ఇవి కొన్ని వందలు మాత్రమే మిగిలి ఉన్నాయి. అందుకే తమిళనాడు ప్రభుత్వము 2022 సెప్టెంబరులో తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరమున పాక్ అఖాతములో 448 చదరపు కిలోమీటర్ల గడ్డి బీళ్లను డుగాంగుల రక్షణ కొరకు ప్రత్యేకించినది. మన దేశములో ఇటువంటి ఏర్పాటు ఇదే మొదటిది.

చిలికా చెప్పే సాక్ష్యము

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒడిషాలోని చిలికా. శ్రీకాకుళము వారికి అది పొరుగు నీరే. గంజాం తీరమున, చిలికా మొగ ప్రాంతమున తెలుగు మాట్లాడే మత్స్యకారులు తరతరాలుగా ఉన్నారు. అక్కడ వారిని నోలియాలు అంటారు.

1981లో చిలికాకు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చినది. తరువాత దాని స్థితి క్షీణించినది. మహానది పాయలు తెచ్చిన ఒండ్రు పేరుకొన్నది. సముద్రపు మొగ సన్నగిల్లినది. ఉప్పు తగ్గిపోగా మంచినీటి కలుపు మొక్కలు వ్యాపించాయి. 1980ల మధ్యలో ఏటా 8 వేల టన్నులకు పైగా దొరికిన చేప, రొయ్య, 1990ల చివరికి 2 వేల టన్నుల లోపునకు పడిపోయినది. 1993లో చిలికా ప్రమాదములో ఉన్న చిత్తడి నేలల పట్టికకు ఎక్కినది.

అదే కాలములో రొయ్యల ధర పెరిగినది. డబ్బున్నవారు వచ్చి కఱ్ఱలు పాతి, వలలు కట్టి, మట్టి గట్లు వేసి సరస్సును తడికలు తడికలుగా చేసుకున్నారు. వాటిని ఘేరీలు అంటారు. ఘేరీ వేసిన చోట నీటి పారుదల ఆగుతుంది, అడుగు కలత చెందుతుంది, గడ్డి చస్తుంది. తాత ముత్తాతల నుండి అక్కడ వేటాడినవాడు మాత్రము బయట నిలబడతాడు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాటు సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు వ్యాపార రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పు ఇచ్చినది. అయినను ఘేరీలు పోలేదు. 1999 మే 29న సోరానా గ్రామములో మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. వారు అడిగినది తమ నీరు తమకు విడువమని మాత్రమే. గడ్డి సంగతి పక్షులను ప్రేమించే పట్టణవాసుల సంగతి అని ఎవరైనా అంటే, సోరానాను జ్ఞాపకము చేసుకొనవలెను.

2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ ఇసుక దిబ్బను కోసి సముద్రమునకు క్రొత్త మొగ తెరిచినది. ఉప్పునీరు మళ్లీ ఆడినది. 2001-02లో వేట 11 వేల టన్నులు దాటినది. 2002లో చిలికా పేరు ప్రమాదపు పట్టికలో నుండి తీసివేయబడినది. 2000లో సుమారు 20 చదరపు కిలోమీటర్లు ఉన్న సముద్రపు గడ్డి, తరువాతి రెండు దశాబ్దములలో 150 చదరపు కిలోమీటర్లు దాటినది. వేల హెక్టార్లలో ఘేరీలను తొలగించడము కూడ దీనికి తోడ్పడినది. నీటికి దారి ఇచ్చి, అడ్డు తీసివేస్తే, గడ్డి తనంతట తానే తిరిగి వస్తుందని చిలికా సాక్ష్యమిస్తున్నది.

విత్తితేనే వచ్చే చోటు

అన్ని చోట్ల అది తనంతట తాను రాదు. అమెరికాలోని వర్జీనియా తీరపు అఖాతములలో 1930ల మొదట్లో ఒక తెగులు వచ్చి, ఆ మీదట 1933లో పెను తుఫాను వచ్చి, గడ్డి పూర్తిగా పోయినది. దానితో పాటు గడ్డిలో పెరిగే ఆలిచిప్పల వేట కూడ పోయినది. ఏబది, అరువది సంవత్సరములు గడిచినా గడ్డి రాలేదు. విత్తనము వచ్చే దారి లేదు కనుక. అప్పుడు అక్కడి శాస్త్రజ్ఞులు, స్వచ్ఛంద సేవకులు వేరే చోట గింజలు ఏరి తెచ్చి నీటిలో చల్లడము మొదలుపెట్టారు. సుమారు 20 సంవత్సరములలో 7 కోట్లకు పైగా గింజలు చల్లారు. వారు విత్తినది 213 హెక్టార్లలో. 2020లో వెలువడిన లెక్క ప్రకారము అది 3,600 హెక్టార్లకు వ్యాపించినది. విత్తువానికి ఓపిక కావలెనని రైతు కుటుంబములకు మేము చెప్పనక్కరలేదు.

మరి మన తీరము?

1879 నుండి లెక్కకు వచ్చిన గడ్డి బీళ్లలో 29 శాతము మాయమైనదని 2009లో శాస్త్రజ్ఞులు తేల్చారు. కారణములు మన ఇంటి వాకిట్లోనివే. ఈ గడ్డికి నాచు కంటె చాలా ఎక్కువ వెలుతురు కావాలి. పొలము నుండి యూరియా, ఊరి నుండి మురుగు, చెరువు నుండి మేత కలిసిన నీరు కయ్యలోనికి దిగినప్పుడు పాచి విపరీతముగా పెరిగి, గడ్డి మీద దుప్పటి వలె కప్పుతుంది. గడ్డి వెలుతురు లేక చస్తుంది. మరపడవ లాగే బరువైన వల దానిని వేళ్లతో పెరికివేస్తుంది. లోతులేని నీటిలో ఇంజను పంకా నాగటి చాలు వలె దానిని కోస్తుంది. లంగరు ఈడ్చినప్పుడు గుంట పడుతుంది.

మన పులికాటులో కూడ ఈ గడ్డి ఉన్నది. అక్కడ రాయదొరువు వద్ద మొగ పూడిపోవడము అక్కడి మత్స్యకారుల పాత బాధ. చిలికాలో జరిగినదానిని తెలిసినవారు మొగ పూడిక అంటే ఏమిటో తేలికగా గ్రహిస్తారు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న మా ఎదుటికి వస్తుంది. తీర గ్రామములలో సేవ చేసే మాతో కొందరు, "అయ్యగారూ, ఈ పూట కూరకే లేకపోతే రేపటి గడ్డి సంగతి ఎవరు చూస్తారు?" అని అడుగుతారు. నిజమే. మోకాటి లోతు నీటిలో చేతితో రొయ్యలు ఏరుకొనే విధవరాలిని చూపించి, గడ్డిని త్రొక్కుతున్నదని నిందించడము న్యాయము కాదు. పెద్ద నష్టము చేసేది ఆమె పాదము కాదు. పెద్ద వల, పెద్ద చెరువు, పెద్ద కాలువ. గడ్డి పోతే మొదట ఖాళీ అయ్యేది కూడ ఆమె బుట్టే, ఎందుకనగా ఆమెకు లోతు నీటికి పోయే పడవ లేదు. కనుక గడ్డిని కాపాడడము, బీదల కూటిని కాపాడడము ఒకటే పని అని మా నమ్మకము.

మనము చేయగలిగినవి

ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి చట్టము క్రింద తీరము నుండి 8 కిలోమీటర్ల లోపలి నీరు సంప్రదాయ పడవలకు విడువబడినది. మరపడవలు ఆ హద్దు దాటి లోపలికి వస్తే గ్రామ పెద్దలు కలిసి మత్స్యశాఖ వారికి వ్రాతపూర్వకముగా తెలుపవచ్చును. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినముల వేట నిషేధమును అందరూ పాటిస్తే పిల్ల చేపకు ఊపిరి ఉంటుంది.

2019 నాటి తీర ప్రాంత నియంత్రణ ప్రకటన సముద్రపు గడ్డి ఉన్న చోట్లను మిక్కిలి సున్నితమైన మొదటి తరగతిలో చేర్చినది. మీ మొగ దగ్గర పూడిక గాని, గట్లు గాని, త్రవ్వకము గాని మొదలైతే ఈ మాట గ్రామసభలో ఎత్తండి. ఏ చోట గడ్డి ఉన్నదో చూపగలిగినవారు అధికారులు కారు, అక్కడ దినదినము తిరిగే మీరే.

రైతు సోదరులారా, ఎరువు అవసరమైనంతే వేయండి. చెరువుల వారు వాడిన నీటిని నేరుగా ఏటిలోనికి వదలక, ముందు ఒక గుంటలో నిలిపి తేరనివ్వండి. పడవల వారు గడ్డి ఉన్న చోట లంగరు వేయక ప్రక్క ఇసుకలో వేయండి.

ఐక్యరాజ్యసమితి 2022లో మార్చి 1వ తేదీని లోక సముద్రపు గడ్డి దినముగా ప్రకటించినది. ఆ తేదీకి దగ్గరి ఆదివారమున సండేస్కూలు పిల్లలను ఆటు నీటి వేళ కయ్య దగ్గరకు తీసుకొనిపోయి, ఏది నాచో, ఏది గడ్డో ముసలి మత్స్యకారుని చేత చెప్పించండి. పుస్తకములో దొరకని పేర్లు ఆయన దగ్గర దొరుకుతాయి.

ఆదికాండము 2:15లో మొదటి మనుష్యునికి అప్పగింపబడినది రెండు పనులు: సాగు చేయడము, కాపాడడము. మొదటి పనిని మనము బాగుగానే నేర్చుకున్నాము. రెండవ పనికి నీటి అడుగున కూడ చోటు ఉన్నది. మీ ఊరి కయ్యలో గడ్డి ఇంకా మిగిలి ఉంటే, అది ఎక్కడ ఉన్నదో ఈ వారమే ఇంటి పెద్దలను అడిగి తెలుసుకొని, పిల్లలకు చూపండి.