పాత ఇంటి తీగలు - టెస్టరు చెప్పు సాక్ష్యము

కొన్నేండ్ల క్రిందట తాడేపల్లిగూడెమున మా బంధువుల పెంకుటింట ఒక సాయంకాలము రేడియో హఠాత్తుగా మూగవోయినది. దీపములును ఆరిపోయినవి. ఇంటి కుర్రవాడు టెస్టరు తెచ్చి ప్లగ్గు కన్నములలో నుంచగా రెండింటను వెలిగినది. "మామయ్యా! రెండు కన్నాల్లోనూ కరెంటుంది, మరి రేడియో ఎందుకు పలకదు?" అని నన్నడిగినాడు.

ప్రశ్న చిన్నదే కాని, దాని సమాధానము తెలియక తీగలు ముట్టువారికి ప్రాణాపాయము కలదు. కరెంటు ఫేజు తీగ వెంట వచ్చి, న్యూట్రలు తీగ వెంట మరలిపోవును. ఆ ఇంట న్యూట్రలు మీటరు దాపున తెగినది. స్విచ్చి వేసియున్న బల్బుల గుండ ఫేజు వోల్టేజి, తెగిన న్యూట్రలుకు ప్రాకినది. టెస్టరు అబద్ధమాడలేదు. తీగలో వోల్టేజి ఉన్నదని మాత్రము చెప్పినది. అది ఏ తీగయో చెప్పుట దాని తరము కాదు.

తీగ రంగు చూచి పోల్చరాదా? ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు అనునది మన దేశమున చిరకాలపు ఆచారము. కాని టేకు బద్దీలపై తీగలు పరచిన పాత ఇండ్లలో, మరమ్మతుకు వచ్చినవారు చేతికందిన తీగను అతికియుండవచ్చును. స్విచ్చి పొరపాటున న్యూట్రలుపై ఉన్నచో, దీపమారినను హోల్డరులో వోల్టేజి నిలిచియే యుండును. తమ్మిలేరు, బుడమేరు నీరు చేరు కొల్లేటి ప్రాంతమున గోడలు చెమ్మగిల్లుట సామాన్యము. పెళుసుబారి చీలిన పాత రబ్బరు తొడుగునకు చెమ్మ తోడైనచో కరెంటు గోడకు ప్రాకగలదు.

ఇక ఏ సాధనము కొనవలెను? స్క్రూడ్రైవరు వంటి నియాను టెస్టరు చవుక. అందులోని చిన్న దీపము, పెద్ద నిరోధము, మన శరీరము ఒక వరుసలో చేరి అత్యల్పమగు కరెంటుతో వెలుగును. ఎండలో ఆ వెలుగు కానరాకపోవచ్చును. పొడి కొయ్య పీటపై నిలిచినచో మందగించవచ్చును. తాకకయే కూతపెట్టు టెస్టరు ఫేజు జాడ తీయుటకు పనికివచ్చును గాని, న్యూట్రలును, ఎర్తును వేరుపరచలేదు.

తీగలను పోల్చుటకు రెండు మొనల వోల్టేజి టెస్టరు మేలు. ఫేజుకు న్యూట్రలుకు నడుమ సుమారు 230 వోల్టులు, ఫేజుకు ఎర్తుకు నడుమ కూడ అంతే, న్యూట్రలుకు ఎర్తుకు నడుమ దాదాపు సున్న చూపవలెను. గూడెపు ఇంట రెండు కన్నముల నడుమ సున్న, ఎర్తుతో చూచినచో రెండింటను వోల్టేజి! న్యూట్రలు తెగినదని అప్పుడు తేలినది. మల్టీమీటరును ఈ పని చేయును. కాని దాని నిరోధము మిక్కిలి హెచ్చగుటచే, ప్రక్క తీగ ప్రభావమున ఉత్త తీగలోను వోల్టేజి చూపి భ్రమ గొల్పును. ఏది కొన్నను "క్యాట్ 3, 600 వోల్టులు" అను గుర్తు, పగులు లేని తొడుగు ఉన్నవో లేవో చూడుడు. అతుకుల బల్బును పరీక్షాదీపముగ వాడకుడు; దాని విడి కొన తగిలిన ప్రమాదము. ఎర్తు తీగయే లేని పాత ఇండ్లలో ముందుగా ఎర్తు వేయించుకొనుడు.

పరీక్షకు ముందు వోల్టేజి ఉన్నదని తెలిసిన ప్లగ్గులో టెస్టరును చూడుడు. మెయిను ఆపి తీగను పరీక్షింపుడు. మరల మరొక ఇంటి ప్లగ్గులోనైనను టెస్టరు వెలుగుచున్నదని రూఢిపరచుకొనుడు. ఏలయన, వెలగని టెస్టరు చెడినదైనను కావచ్చును. తొడుగు సత్తువను 500 వోల్టుల ఇన్సులేషను మీటరుతో వైర్‌మను పరీక్షింపవలెను. కనీసము 1 మెగోము రానిచో ఆ తీగలు మార్పించుకొనుట మేలు.

ఆనాడు మా కుర్రవాడు టెస్టరు జేబులో వైచుకొని, తీగను ముట్టక, లైన్‌మను కొరకు కబురు పంపినాడు. రేడియో మరునాటి ఉదయమునకు గాని పలుకలేదు. ఆలస్యమైనను ఆ ఇంట అందరు కూర్చుండి వినిరి.