హంతకుడు దొరికితే హత్యలు తగ్గుతాయా?

కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో ఉన్న తనకల్లు లాంటి మండలంలో హత్య జరిగితే సినిమా డిటెక్టివ్ ఎవరూ రారు. ముందు స్థానిక ఎస్‌ఐ వస్తారు, తర్వాత కేసు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చేతికి పోతుంది. శవపంచనామా, నెత్తురంటిన మట్టిని సీలు వేయడం, సాక్షుల వాంగ్మూలాలు, ల్యాబుకు ఉత్తరాలు అన్నీ ఆ కొద్దిమంది పనే. జాతర బందోబస్తు, మంత్రిగారి పర్యటన, గట్టు తగాదా కూడా వాళ్లవే.

దర్యాప్తు ఇలా సాగడానికీ హత్యల సంఖ్యకూ సంబంధం ఉందా? ఉందనే వాదన పాతదే. శిక్ష ఎంత కఠినమన్నది కాదు, ఎంత తప్పనిసరి అన్నదే నేరాన్ని ఆపుతుందని ఇటలీకి చెందిన బెకారియా 1764లోనే రాశాడు. అమెరికా పాత్రికేయురాలు జిల్ లియోవి మరో అడుగు ముందుకేసింది: చట్టం హంతకుణ్ణి పట్టని చోట ఆ పని చనిపోయినవాడి మనుషులే నెత్తిన వేసుకుంటారు, అలా ఒక హత్య ఇంకోదాన్ని కంటుంది.

ఈ మాట రాయలసీమవాళ్లకు కొత్తేమీ కాదు. అనంతపురం జిల్లాలో 1975లో పరిటాల శ్రీరాములు హత్య, 2005 జనవరి 24న కొడుకు రవి హత్య. రవి హత్య కేసు నిందితుల్లో ఒకడు 2008లో జైల్లో, మరొకడు 2011లో హైదరాబాదులో చంపబడ్డారు. కోర్టు తీర్పు కన్నా కొడవలి తీర్పు ముందొస్తుందన్న నమ్మకం ఉన్నంతకాలం కక్షలు తరాలు దాటుతాయి.

దర్యాప్తు మీద డబ్బూ మనుషులూ పెడితే ఏమవుతుందో అమెరికాలోని బోస్టన్ నగరం చూపింది. అక్కడ 2011 తర్వాత హత్యల విభాగంలో డిటెక్టివులను పెంచి, శిక్షణ ఇచ్చి, ఫోరెన్సిక్ సాయం జోడిస్తే, పరిష్కారమైన హత్య కేసులు 47 శాతం నుంచి 57 శాతానికి పెరిగాయి. అదే నగరంలో మరో పరిశీలన ఇంకా ఆసక్తికరం. తుపాకీ హత్యల్లో 43 శాతం తేలితే, కాల్పుల్లో బతికి బయటపడ్డవారి కేసుల్లో 19 శాతమే తేలాయి. మొదటి రెండు రోజుల్లో తేలిన కేసుల్లో రెంటికీ పెద్ద తేడా లేదు. హత్య కేసును వదలకుండా వెంబడించడమే తేడా తెచ్చింది. అయితే కేసులు తేలినంత మాత్రాన హత్యలు తగ్గాయని ఇది రుజువు చేయదు. తుపాకులు, మద్యం, నిరుద్యోగం, కుర్రకారు జనాభా, అన్నిటికీ వాటా ఉంది. సీమలో ఫ్యాక్షన్ పలచబడటంలోనూ చదువులు, బెంగళూరు వలసల పాత్రను కొట్టిపారేయలేం.

ఇక్కడే మనకూ అమెరికాకూ దారులు వేరవుతాయి. 2021లో అక్కడ సగం హత్యలు తేలలేదు. మన దేశంలో 2022లో నమోదైన 28,522 హత్య కేసుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కారణాలు తగాదాలు, పగలే. చంపినవాడు చాలాసార్లు ఊరందరికీ తెలుసు. అందుకే పోలీసులు దర్యాప్తు ముగించిన కేసుల్లో ఐదింట నాలుగుకు ఛార్జిషీటు పడుతోంది. కానీ విచారణ పూర్తయిన వాటిలో శిక్ష పడేది సగానికన్నా తక్కువ. ఇక్కడ కేసు చచ్చేది సాక్షి అడ్డం తిరిగినప్పుడు.

కాబట్టి మన డబ్బు పోవలసింది క్లూస్ టీంకు, ల్యాబుకు, సాక్షి భద్రతకు. దర్యాప్తును బందోబస్తు నుంచి వేరు చేయమని సుప్రీంకోర్టు 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. 2018లో సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియా చట్టం ఏడేళ్లూ అంతకు మించీ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలంటోంది, ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. మీ మండల స్టేషన్‌లో దర్యాప్తుకే ప్రత్యేకంగా ఎంతమంది ఉన్నారో ఈసారి ఓట్లడగడానికి వచ్చినవాళ్లను అడగండి.