సగం సీసా దగ్గర వెనక్కి తిరిగాం!

"ఎడారిలో చూడటానికి ఏముందే? రాళ్ళూ రప్పలూ, ముళ్ళ చెట్లూ! అవి మన ఊళ్ళో లేవా?" అన్నారు మా వారు. మాది అనంతపురం జిల్లా మరి! ఆయన ఉద్యోగరీత్యా ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాం. పిల్లలు హాస్టళ్ళలో, మేం ఇద్దరమే ఇంట్లో. నేను పోరగా పోరగా మార్చి నెలలో ఓ శనివారం జాషువా ట్రీ నేషనల్ పార్కుకి బయల్దేరాం.

లాస్ ఏంజెలెస్ నుంచి తూర్పు దిక్కుగా కారులో సుమారు మూడు గంటల ప్రయాణం. తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపాను. పెరుగన్నం, ఓ చిన్న డబ్బాలో ఆవకాయ కూడా సర్దాను. దారిలో ఊళ్ళో ఆగి నాలుగేసి లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు కొన్నాం. "ఇన్నెందుకు, పెళ్ళికి వెళ్తున్నామా?" అన్నారాయన. మనిషికి రోజుకి సుమారు నాలుగు లీటర్లు ఉండాలని పార్కు వాళ్ళ సూచన. లోపలికి వెళ్ళాక మనం తిరిగే చోట్ల ఎక్కడా కుళాయి ఉండదు.

పార్కు అంటే బెంచీలూ, ఉయ్యాలలూ అనుకునేరు! సుమారు 3,200 చదరపు కిలోమీటర్ల ఎడారి అది. ఇల్లంత బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. మధ్యలో ఎటు చూసినా జాషువా చెట్లే. చేతులు పైకెత్తి దేవుడికి మొక్కుతున్న మనుషుల్లా ఉన్నాయి. పేరుకే చెట్టు గానీ, మన పొలం గట్ల మీద కిత్తనార ఉంటుందే, దానికి చుట్టం. ఏడాదికి అంగుళం, మహా అయితే మూడు అంగుళాలు పెరుగుతుందట. మేం వెళ్ళినప్పుడు కొమ్మల చివర మీగడరంగు పూల గుత్తులున్నాయి. ఈ పూలకి పుప్పొడి మోసేది ఒక చిన్న రెక్కల పురుగు. అది పువ్వులోనే గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు కొన్ని గింజలు తిని బతుకుతాయి. మిగిలిన గింజలు చెట్టువి. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదీ!

ఈ చోటు ఇలా మిగలడానికి ఒక ఇల్లాలే కారణం అని తెలిసి ఆశ్చర్యపోయాను. ఆవిడ పేరు మినర్వా హోయిట్. తోటపని అంటే ప్రాణం. పసిబిడ్డనీ, తర్వాత భర్తనీ పోగొట్టుకున్నాక ఈ ఎడారిలో మనశ్శాంతి వెతుక్కుందట. అప్పట్లో జనం ఇళ్ళ ముందు తోటల కోసం ఇక్కడి చెట్లు పెళ్ళగించుకు పోతుంటే చూడలేక, ఎడారి మొక్కల ప్రదర్శనలు పెట్టి, పెద్దవాళ్ళ చుట్టూ తిరిగి, 1936లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ చేత దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటింపజేసింది. 1994లో నేషనల్ పార్కు అయింది.

పొద్దున హిడెన్ వ్యాలీ అనే చోట నడిచాం. చుట్టూ రాళ్ళ గోడ, మధ్యలో లోయ. తిరిగి వస్తే మైలు దూరం, హాయిగా ఉంది. నీడ చూసుకుని భోంచేశాం. మా వారు ఆవకాయ నంజుకుంటూ పులిహోర రెండుసార్లు వేయించుకున్నారు. ఆ హుషారులో, "రయన్ కొండ ఎక్కేద్దాం పద!" అన్నారు. రానన్న మనిషే!

కొండ మీదికి వెళ్ళి రావడానికి 4.8 కిలోమీటర్లు. అందులో ఎక్కుడే సుమారు 320 మీటర్లు. క్యాన్లు బరువని డిక్కీలోనే వదిలి చెరో లీటరు సీసా పట్టుకుని బయల్దేరాం. అక్కడే చేశాం పొరపాటు. రాతిమెట్లు, నెత్తిన ఎండ, నీడకి ఒక్క చెట్టు లేదు. గాలి చల్లగానే ఉంది, చొక్కా పొడిగానే ఉంది. చెమట పట్టడం లేదేమో అనుకున్నాం. ఆ పొడిగాలికి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతోందని తర్వాత తెలిసింది.

సగం దాటాక ఆయన ఆగి తల పట్టుకున్నారు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏమండీ, మీ సీసాలో ఎన్ని నీళ్ళున్నాయి?"

"ఉన్నాయిలే, నడు."

లాక్కుని చూస్తే అడుగున రెండు గుక్కలు! నాది సగం ఉంది. అంతలో పైనుంచి దిగుతున్న పెద్దాయన ఒకాయన, ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కితే శిఖరమేనని ఉత్సాహపరిచాడు. "విన్నావా? ఇంత దూరం వచ్చి తిరిగి పోతామా?" అన్నారు మా వారు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా ఊళ్ళో నీళ్ళు మైలు దూరం నుంచి తెచ్చుకునేవాళ్ళం. "బిందె సగం ఉండగానే నీళ్ళకి బయల్దేరాలి. అడుగంటాక వెళితే దారిలోనే నోరెండుతుంది" అనేది అమ్మ. వచ్చినంత దారీ తిరిగి దిగాలి కదా!

"నేను దిగుతున్నాను. మీరూ దిగుతున్నారు" అన్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయనకి కోపం వచ్చింది. మాట్లాడకుండా వెనక్కి తిరిగారు.

దిగుతుండగా ఆయన పిక్కలు పట్టేశాయి. రెండుచోట్ల కూలబడ్డారు. నా సీసాలో నీళ్ళు గుక్క గుక్కగా ఇస్తూ, చెయ్యి పట్టుకుని దింపాను. ఫోన్‌కి సిగ్నల్ లేదు. కారు దగ్గరికి చేరేసరికి సీసా ఖాళీ! సీటు వాల్చి పడుకోబెట్టి, కాసిని కాసినిగా నీళ్ళు తాగించాను. అరగంటకి తేరుకున్నారు. "పైదాకా వెళ్ళుంటే ఏమయ్యేదో!" అన్నారు నెమ్మదిగా. నేనేం మాట్లాడలేదు.

పొద్దు గుంకే వేళకి కీస్ వ్యూ అనే ఎత్తు మీదికి కారులోనే వెళ్ళాం. కింద లోయంతా ఎర్రగా మెరుస్తోంది. "మళ్ళీ వద్దాం. ఈసారి పొద్దున్నే కొండెక్కుదాం. నీళ్ళ లెక్క మాత్రం నీదే" అన్నారాయన. శిఖరం చూడలేదన్న బెంగ నాకు ఆ మాటతో తీరిపోయింది!

వెళ్ళాలనుకునే వారికి:

* అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం. వేసవిలో నడక పెట్టుకోకండి.
* కారులో నీళ్ళు ఉంటే చాలదు, చేతిలో ఉండాలి. సగం అయిపోగానే వెనక్కి తిరగండి.
* కొండ ఎక్కాలంటే పొద్దున్నే ఎక్కండి.
* ఆవకాయ ఇంటికొచ్చి తినొచ్చు! పెరుగన్నం, కీరా, బత్తాయిలు తీసుకెళ్ళండి.
* ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పండి.