కుటుంబ వాహనానికి కొత్త హంగులు

మధ్యతరగతి కుటుంబంలో కారు కొనడమన్నది ఒక్కనాటితో తేలే పని కాదు. కొన్ని సంవత్సరాల పొదుపు, బ్యాంకు అప్పు, ఇంటిల్లిపాది ఎదురుచూపు అన్నీ కూడితే గాని ఆ వాహనం గుమ్మం ముందుకు రాదు. వచ్చిన మరునాటి నుండి రెండవ ఘట్టం ప్రారంభమవుతుంది. పెద్దవానికి దీపాల కాంతి చాలదు, చిన్నవానికి హారను మ్రోత చాలదు. తల్లికి అద్దాలలో నుండి వచ్చే ఎండ భరింపరానిది. తండ్రికి ముందు భాగాన ఒక ఇనుప కమ్మి బిగిస్తే గాని నిశ్చింత ఉండదు. ఉదయం దుకాణానికి వెళ్ళిన కారు సాయంకాలానికి పెండ్లివారి వాహనం వలె అలంకరింపబడి తిరిగి వస్తుంది.

ఇందులో హాస్యానికి తావున్నది గాని, ఈ వ్యాసం హాస్యానికి ఉద్దేశించినది కాదు. తరగతి గదిలో మనం నల్లబల్ల మీద వ్రాసుకొనే సూత్రాలు ఈ హంగుల వెనుక ఎట్లా పనిచేస్తున్నవో, వాటిని మరచిపోతే ఏమి జరుగగలదో విద్యార్థులకు చెప్పవలెనన్నదే నా అభిలాష. ఎందుకనగా నేడు ఇంటిలో ఈ నిర్ణయాలు చేస్తున్నది చాలా వరకు వారే. తండ్రి డబ్బు ఇస్తాడు. ఏ బల్బు, ఏ చక్రం అన్నది కళాశాలలో చదువుకొనే కుమారుడు చెబుతాడు.

వెనుకటి తరంవారికి ఈ సరదా లేదని కాదు. అంబాసిడరు, పద్మిని కార్ల కాలంలో పైకప్పు మీద క్యారియరు, డాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను, కిటికీలకు పూల తెరలు ఉండేవి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిమ్మట టేపురికార్డరు, సీటు కవర్లు కూడా చేరినవి. అయితే ఆ కార్లలో విద్యుత్తు చేసే పని స్వల్పం. దీపాలు, హారను, వైపరు, ఇంజనులో నిప్పురవ్వ, ఇంతే. ఈనాటి కారు అట్టిది కాదు. ఇంజనుకు ఎంత ఇంధనం కావలెనో, బ్రేకు ఎప్పుడు వదలి ఎప్పుడు పట్టవలెనో, ఎయిర్ బ్యాగు ఏ క్షణాన విచ్చుకొనవలెనో చిన్న చిన్న కంప్యూటర్లు నిర్ణయిస్తున్నవి. ప్రతి తీగకు, ప్రతి అద్దానికి, ప్రతి రేకు మడతకు నిర్మాత ముందే లెక్క కట్టి ఒక పని అప్పగించినాడు. పైకి ఖాళీగా కనిపించే చోటు నిజానికి ఖాళీ కాదు. మనం చేర్చే ప్రతి వస్తువూ ఆ లెక్కలో నుండి కొంత తీసుకొనియే తీరుతుంది.

ఈ మాట నాకు పుస్తకంలో దొరికినది కాదు. కొన్నేళ్ళ క్రితం కర్నూలులో మా చిన్నాన్నగారు వాడిన చిన్న కారు ఒకటి కొన్నారు. రాత్రి ప్రయాణాలకు వెలుతురు చాలడం లేదని ఒక దుకాణంలో అసలు బల్బులు తీయించి నూరు వాట్ల బల్బులు పెట్టించారు. పది నిమిషాలలో పని ముగిసింది. వారం రోజుల పాటు ఆయన సంతోషానికి మేర లేదు. వీధి చివరి దాకా పట్టపగలు వలె ఉన్నదని కనిపించినవారికెల్ల చెప్పేవారు. ఆ వేసవిలో అందరం శ్రీశైలం ఆనకట్ట చూచి దోర్నాల వైపు ఘాటురోడ్డు మీద తిరిగి వస్తుండగా చీకటి పడింది. కారులో ఏదో కాలుతున్న వాసన మొదలైంది. "ఒక్కసారి ఆపండి, ఏదో మాడుతున్నట్టుంది" అని మా పిన్ని అన్నది. ముందు పోయే లారీ బ్రేకుల వాసనేలే అన్నారు చిన్నాన్నగారు. మరి రెండు మలుపులు తిరిగేసరికి రెండు దీపాలూ ఒక్కమారుగా ఆరిపోయినవి. ఒక ప్రక్క కొండ, మరొక ప్రక్క లోయ, వెనుక సీటులో ముగ్గురు పిల్లలు. చీకటి పడకముందు చూచిన రోడ్డును జ్ఞాపకం తెచ్చుకొని ఆయన బండి ఆపగలిగారు. ఆ నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తున్నది. కొంతసేపటికి వెనుక నుండి వచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరు విషయం తెలిసికొని, మా కారును ముందుంచి, తన బస్సు దీపాల వెలుగులో దోర్నాల దాకా నడిపించాడు.

మరునాడు మెకానిక్కు స్టీరింగు క్రింది కవరు విప్పి చూపినాడు. దీపాల స్విచ్చి కరిగి ముద్దయి ఉన్నది. "బల్బు మార్చినారు సరే, దానికి అన్నం పెట్టే తీగను మార్చలేదు గదా సార్" అన్నాడు. నేను తరగతిలో గంటసేపు చెప్పే పాఠం ఆ ఒక్క వాక్యంలో ఉన్నది.

లెక్క చూడండి. సాధారణంగా ఇట్టి కార్లకు వచ్చే హెడ్‌లైటు బల్బు దూరపు వెలుగుకు 60 వాట్లు, దగ్గరి వెలుగుకు 55 వాట్లు తీసుకొంటుంది. రెండు దీపాలకు దూరపు వెలుగులో 120 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు గనుక తీగలో ప్రవహించేది 10 ఆంపియర్లు. నూరు వాట్ల బల్బులు రెండు పెడితే 200 వాట్లు, అనగా దాదాపు 16.7 ఆంపియర్లు. ప్రవాహం ఒకటిన్నర రెట్ల కంటె కొంచెం ఎక్కువైంది, అంతే గదా అనిపించవచ్చును. కాని తీగలో పుట్టే వేడి ప్రవాహంతో సమానంగా పెరుగదు. ప్రవాహపు వర్గంతో పెరుగుతుంది. అందుచేత వేడి సుమారు 2.8 రెట్లు. ఆ వేడి తీగ పొడవునా సమంగా పంచుకోబడితే కొంత నయం. పాతబడిన స్విచ్చిలో లోహపు ముక్కలు ఒకదానినొకటి తాకే చోట నిరోధం అధికం గనుక వేడి అంతా అక్కడనే పోగవుతుంది. మా కారులో దీపాల విద్యుత్తంతా ఆ స్విచ్చి గుండానే పోయేది.

దీనికి విరుగుడు రిలే అనే చిన్న పరికరం. స్విచ్చి గుండా స్వల్పమైన ప్రవాహం మాత్రమే పోయి రిలేలోని విద్యుదయస్కాంతాన్ని మేల్కొలుపుతుంది. ఆ అయస్కాంతం లాగిన మీటయే బ్యాటరీ నుండి లావు తీగ ద్వారా దీపాలకు విద్యుత్తునిస్తుంది. హారను, మంచుదీపాలు, ఏది చేర్చినా రిలే, తగిన లావు తీగ, ప్రత్యేకమైన ఫ్యూజు ఉన్నవా అని అడుగవలెను. అడిగితే చిన్నబుచ్చుకొనే దుకాణదారుని వద్ద ఆ పని చేయించకపోవడమే మేలు.

ఫ్యూజు గురించి ఒక మాట. అది దీపాన్ని గాని పాటలపెట్టెను గాని కాపాడడానికి ఉన్నదని చాలామంది భావన. అది కాపాడేది తీగను. మాటిమాటికి ఫ్యూజు పోతున్నదని 10 ఆంపియర్ల దాని స్థానంలో 30 ఆంపియర్లది పెట్టినచో, ఇక ముందుగా కాలేది ఫ్యూజు కాదు, తీగ. దాని చుట్టూ ఉన్నవి దూది, రెక్సిను, ప్లాస్టిక్కు.

ఈ చిక్కు ఎల్.ఇ.డి. బల్బులకు లేదు, అవి తక్కువ విద్యుత్తుతో పనిచేస్తాయి గదా అని మీరనవచ్చును. నిజమే, తీగకు మేలే. కాని తంతువు ఉన్న బల్బు కోసం చేసిన దీపపు గిన్నెలో తంతువు ఎక్కడ ఉండవలెనో మిల్లీమీటర్ల లెక్కన నిర్ణయింపబడి ఉంటుంది. వెలుగు పుట్టే చోటు కొంచెం జరిగినా కిరణాలు రోడ్డు మీద గాక ఎదుటివాని కన్నులలో పడతాయి. మనకు వెలుగు పెరిగినట్లు తోస్తుంది. ఎదురు వచ్చే మోటారు సైకిలువానికి కొన్ని క్షణాలు లోకమే కనిపించదు.

ఇక ముందు భాగాన బిగించే ఇనుప కమ్మి. నా దృష్టిలో హంగులన్నింటిలో మిక్కిలి ప్రమాదకరమైనది ఇదే, అయినను మిక్కిలి ధైర్యాన్ని కలిగించేదీ ఇదే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడను ఢీకొన్నదనుకొందాము. ఆ వేగం సెకనుకు సుమారు 14 మీటర్లు. బానెట్టు ముడుచుకొనిపోయి 60 సెంటీమీటర్ల దూరంలో కారు ఆగినచో, లోపల బెల్టు పెట్టుకొన్న మనిషి మీద పడే ఒత్తిడి అతని బరువుకు 16 రెట్లు. ముందు భాగం ముడుచుకొనక 20 సెంటీమీటర్లలోనే ఆగితే అది 49 రెట్లు. అనగా నిర్మాత బానెట్టును మెత్తగా చేసినది ఇనుము మిగుల్చుకొనడానికి కాదు. ఆ రేకు నలిగి మన ప్రక్కటెముకలను నిలుపుతుంది. చట్రానికి నేరుగా బిగించిన కమ్మి ఆ దెబ్బను నలుగనీయక లోపలికి పంపుతుంది. అంతే గాక, ఎయిర్ బ్యాగుకు సంకేతమిచ్చే సెన్సార్లు కారు ఏ విధంగా నెమ్మదిస్తున్నదో కొలిచి నిర్ణయం చేస్తాయి. ముందు భాగం తీరు మారితే ఆ కొలత కూడా మారుతుంది. రోడ్డు దాటే పాదచారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 2017 డిసెంబరులో కేంద్ర రహదారి రవాణా శాఖ ఇట్టి కమ్మీల మీద చర్య తీసుకొనవలసిందిగా రాష్ట్రాలకు వ్రాసినది.

అద్దాలకు అంటించే నల్లని పొర విషయంలో న్యాయస్థానాలు చాలా మాట్లాడినవి. ముందు, వెనుక అద్దాల గుండా 70 శాతం, ప్రక్క అద్దాల గుండా 50 శాతం వెలుగు పోవలెనన్నది నియమం. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాల మీద పొరలు అంటించడాన్నే నిషేధించింది. పిదప నియమాలు సవరింపబడినవి. పై శాతాలకు లోబడిన పొరలకు అభ్యంతరం లేదని 2024లో కేరళ హైకోర్టు అభిప్రాయపడింది. ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన చిన్న గణితం ఉన్నది. అద్దం 70 శాతం, పొర 70 శాతం వెలుగును పోనిస్తే రెండూ కలిసి పోనిచ్చేది 49 శాతమే. ఈ శాతాలు గుణింపబడతాయి. పొర మీద వ్రాసిన అంకె ఒక్కటే చూచి కొన్నవారు తెలియకుండానే హద్దు దాటుతారు.

చక్రాల పరిమాణం మార్చితే వేగమాపకం తప్పు చెబుతుంది. 155/80 ఆర్ 13 టైరు తీసి 175/70 ఆర్ 14 వేస్తే వ్యాసం దాదాపు 4 శాతం పెరుగుతుంది; ముల్లు 100 చూపినప్పుడు కారు 104 వద్ద ఉంటుంది. సీటు ప్రక్కలో ఎయిర్ బ్యాగు ఉన్న కారుకు బిగుతైన సీటు కవరు కుట్టిస్తే ఆ సంచి బయటకు రాలేదు. బెల్టు పెట్టుకొమ్మని కారు చేసే శబ్దాన్ని ఆపడానికి ఖాళీ బిళ్ళలు అమ్మేవారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటిని ఆన్‌లైను అంగళ్ళ నుండి తొలగింపజేసినది. డబ్బిచ్చి ప్రమాదాన్ని కొనుక్కొనడమంటే ఇదే.

కాలిక్రింది పట్టా కూడా ప్రమాదానికి కారణం కాగలదంటే నమ్మబుద్ధి కాదు. 2009 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక కారులో మరొక నమూనాకు చెందిన పెద్ద పట్టా వేసి ఉండగా, ఆక్సిలరేటరు దాని అంచున చిక్కుకొని వేగం తగ్గక నలుగురు మరణించారు. పిదప ఆ సంస్థ దాదాపు 38 లక్షల వాహనాలకు సంబంధించి పట్టాలను తీసివేయవలసిందిగా యజమానులను కోరింది. మన ఇండ్లలో పాత పట్టా మీద కొత్తది పరచడం పొదుపరితనంగా చెల్లుతున్నది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం నిర్మాత నిర్దేశించిన, రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలు మారిపోయేటట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టపరచింది. అదే సంవత్సరం జరిగిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండూ గాని విధింపవచ్చును. ఇంధనాన్ని గ్యాసుకు మార్చడం వంటివి రవాణా అధికారుల అనుమతితో చేయవచ్చును, అయితే సి.ఎన్.జి. సిలిండరును మూడేళ్ళకొకసారి పరీక్ష చేయించవలెను. ఈ పరీక్షను వాయిదా వేసేవారు తమ పిల్లల వీపు వెనుక 200 బార్ల పీడనం ఉన్నదని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇంతకూ ఏమీ కొనవద్దని నా వాదన కాదు. పసిపిల్లల సీటు కొనండి. బల్బులకు పెట్టే డబ్బు ముందుగా దానికి పెట్టండి. వెనుకకు తిప్పేటప్పుడు శబ్దం చేసే సెన్సార్లు, టైరులో గాలి కొలిచే చిన్న సాధనం, రోడ్డు మీద నిలిపే ఎర్రని త్రిభుజం, ఇవన్నీ కారు లెక్కను చెడగొట్టనివి.

మా చిన్నాన్నగారి కారు సంగతి మిగిలిపోయింది. మెకానిక్కు కొత్త స్విచ్చి వేసి, రిలే చేర్చి, మునుపటి 60 వాట్ల బల్బులే తిరిగి పెట్టినాడు. పిమ్మట దీపాల మీది ప్లాస్టిక్ కవచం పసుపుబారి ఉండడం చూచి దానిని అరగదీసి మెరుగు పెట్టినాడు. తుప్పు పట్టిన ఎర్తు తీగ కొసను గీకి మరల బిగించినాడు. ఆ రాత్రి చిన్నాన్నగారు కారు బయటకు తీసి, వీధి చివరి దాకా చూచి, దీపాలు మొదట్లోనే ఇట్లా ఉండవలసినవని అన్నారు. మెరుగు పెట్టిన పనికి మెకానిక్కు తీసుకొన్నది రెండు వందల రూపాయలు.